జీపు టక్కుమంటే ఏం చెబుతున్నట్టు?

గూడ్సు బండి స్టేషన్లోంచి కదలడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంజను లాగగానే బండి అంతా ఒక్కసారిగా కదలదు. మొదటి వ్యాగను "ఢాం" అంటుంది. ఆ వెంటనే రెండోది, తరవాత మూడోది. ఆ చప్పుడు ఇంజను దగ్గర బయలుదేరి చివరి పెట్టె దాకా వరసగా పరుగెత్తుకుంటూ పోతుంది. ఎందుకని? వ్యాగన్లను కలిపే కప్లింగుల్లో కొద్దికొద్దిగా వదులు ఉంది. ముందు పెట్టె ఆ వదులు మేరకు ఊరికే కదిలి, వదులు అయిపోగానే వెనక పెట్టెను ఒక్క గుంజు గుంజుతుంది. మనం విన్నది ఆ గుంజుడు చప్పుడే.

ఇదే సంగతి చిన్న ఎత్తున జీపు అడుగున కూడా జరుగుతుంది. డ్రైవరు గేరు వేసి క్లచ్చి వదలగానే కింద ఎక్కడో "టక్" మంటుంది. కొన్ని జీపుల్లో ఇది వినీ వినబడనట్టుంటుంది. కొన్నింటిలో సుత్తితో కొట్టినట్టు "ఖణేల్" మంటుంది. మొదటిది మామూలే. రెండోది హెచ్చరిక. ఆ హెచ్చరిక చేస్తున్న భాగం ఏదో, జీపును విప్పకుండానే చాలావరకు కనిపెట్టవచ్చు. అందుకు కావలసినవి చెవి, గడియారం, సుద్దముక్క, కొంచెం లెక్క. ఈ నాలుగూ మీ దగ్గర ఉన్నవే గదా! ఎలాగో చూద్దాం.

బలం నడిచే దారి

మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. జీపులో అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ అందుతుంది. మనం ఒక పాత జీపును ఉదాహరణగా తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941-45 మధ్య, అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారుచేసిన జీపు అది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన తరవాత మహీంద్రా వారు మన దేశంలో తయారుచేసిన జీపులు ఈ వంశంలోవే.

ఇంజను బలం క్లచ్చి ద్వారా గేరుపెట్టెలోకి వస్తుంది. దాని వెనకనే ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరో పెట్టె ఉంటుంది. ఇది నాలుగు రోడ్ల కూడలి లాంటిది. ఇక్కడినుంచి ఒక పొడవాటి గొట్టం వెనక ఇరుసుకు, మరొకటి ముందు ఇరుసుకు వెళతాయి. వీటిని ప్రొపెల్లర్ షాఫ్టులు అంటారు. ఒక్కొక్క షాఫ్టుకు రెండు కొసల్లోనూ యూనివర్సల్ జాయింటు ఉంటుంది. ఇరుసు మధ్య ఉన్న గుండ్రటి డిప్పలో షాఫ్టు కొసన ఉన్న చిన్న పళ్ళ చక్రం, అంటే పినియన్, పెద్ద పళ్ళ చక్రమైన క్రౌనును తిప్పుతుంది. అక్కడినుంచి డిఫరెన్షియల్ ద్వారా బలం చక్రాలకు చేరుతుంది.

మన జీపులో పినియన్‌కు 8 పళ్ళు, క్రౌనుకు 39 పళ్ళు. 39ని 8తో భాగిస్తే 4.875. అంటే చక్రం ఒక్కసారి తిరిగేలోగా షాఫ్టు దాదాపు 5 సార్లు తిరుగుతుంది. ఈ అంకెను గుర్తుంచుకోండి. దొంగను పట్టించేది ఇదే.

సందు లేనిదే యంత్రం లేదు

"అసలు వదులు లేకుండా బిగించేస్తే గొడవే ఉండదు గదా?" అని మీకు అనిపించవచ్చు. అలా కుదరదు. పంటికీ పంటికీ మధ్య నూనె పొర నిలవాలి. వేడెక్కినప్పుడు ఇనుము వ్యాకోచిస్తుంది, దానికి చోటుండాలి. అందుచేత కొత్త బండిలో కూడా ప్రతి కలయిక దగ్గరా వెంట్రుకవాసి సందు ఉంచుతారు. గేరుపెట్టెలో కొంత, ట్రాన్స్‌ఫర్ కేసులో కొంత, క్రౌను దగ్గర కొంత, ఇరుసు కొసల్లో కొంత. అన్నీ కలిసి గూడ్సు బండి కప్లింగుల్లా ఒక వరసలో ఉంటాయి.

జీపు ముందుకు సాఫీగా పోతున్నంతసేపు పళ్ళు ఒకే వైపు ఒత్తుకుని ఉంటాయి. చప్పుడుండదు. డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలు తీసేశాడనుకోండి. ఇప్పటిదాకా ఇంజను చక్రాలను తిప్పింది, ఇప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి. తిప్పే బలం దిశ మారింది. పళ్ళు ఒక వైపు వదిలి, సందు దాటి, రెండో వైపు తగులుతాయి. టక్!

ఇంత చిన్న సందుకు అంత చప్పుడా? సందు దాటుతున్నంతసేపు ఆ భాగానికి అడ్డు ఏమీ లేదు. కనక అది వేగం పుంజుకుంటుంది. అవతలి పంటికి తగలగానే ఆ వేగమంతా రెప్పపాటులో వెయ్యోవంతులో ఆగిపోవాలి. ఎంత తక్కువ కాలంలో ఆగితే బలం అంత ఎక్కువ. సుత్తి మేకును దించేది కూడా ఈ సూత్రం మీదనే. సందు పెద్దదైన కొద్దీ వేగం పెరుగుతుంది, దెబ్బ గట్టిగా తగులుతుంది. దెబ్బ గట్టిదైన కొద్దీ లోహం అరిగి సందు ఇంకా పెరుగుతుంది. సందు దెబ్బను పెంచుతుంది, దెబ్బ సందును పెంచుతుంది. అందుకే నిరుడు వినీ వినబడని చప్పుడు ఈ ఏడు ఊరంతా వినబడుతుంది!

చెవి పొరబడే చోటు

చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో వింటే సరిపోతుంది గదా అంటారా? జీపు విషయంలో చెవిని అంతగా నమ్మకూడదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఉక్కులో సుమారు 5,000 మీటర్లు పోతుంది. జీపు అడుగున ఉన్న ఛాసీ పొడవాటి ఉక్కు చట్రం. వెనక ఇరుసులో పుట్టిన దెబ్బ ఆ చట్రం వెంట క్షణంలో ముందుకు పాకి డ్రైవరు కాళ్ళ కింద రేకును మోగిస్తుంది. డ్రైవరు "చప్పుడు గేరుపెట్టెలో" అంటాడు. గేరుపెట్టె విప్పుతారు, డబ్బు ఖర్చవుతుంది, చప్పుడు మాత్రం పోదు.

కాబట్టి "ఎక్కడ?" అనే ప్రశ్నను చివరికి ఉంచుదాం. ముందు "ఎప్పుడు?", "ఎన్నిసార్లు?", "ఏది మారిస్తే మారుతుంది?" అని అడుగుదాం. చోటు విషయంలో శబ్దం మనల్ని మోసం చేయవచ్చు గాని, కాలం విషయంలో చేయలేదు.

మొదటి ప్రశ్న: ఎప్పుడు?

(1) గేరు వేసి కదిలేటప్పుడు ఒక్కసారి, యాక్సిలరేటరు వదిలినప్పుడు ఒక్కసారి, మళ్ళీ తొక్కినప్పుడు ఒక్కసారి టక్కుమంటే, బలం నడిచే దారిలో ఎక్కడో సందు పెరిగిందన్నమాట. యూనివర్సల్ జాయింటు, క్రౌను పినియన్ పళ్ళు, ఇరుసును కమాను కట్టకు బిగించే యూ బోల్టులు - ఇవి అనుమానితులు. బోల్టులకు ఏం సంబంధం అంటారా? ఇరుసు చక్రాన్ని ఒక వైపు తిప్పితే, న్యూటన్ మూడో నియమం ప్రకారం ఇరుసు డిప్ప రెండో వైపు తిరగబోతుంది. బోల్టులు వదులైతే నిజంగానే కాస్త తిరిగి, కమానుకు కొట్టుకుంటుంది.

(2) బండి ఆగిన అరక్షణం తరవాతనో, కదిలిన అరక్షణం తరవాతనో ఒక్క టక్ వినబడితే, షాఫ్టులో ఒకదానిలో ఒకటి జారే గాడి భాగాన్ని అనుమానించాలి. గతుకుల్లో కమాన్లు పైకీ కిందికీ ఊగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేసుకూ ఇరుసుకూ మధ్య దూరం మారుతుంది. దానికి తగ్గట్టు షాఫ్టు పొడవు కూడా మారాలి. అందుకే ఈ జారే ఏర్పాటు. అందులో గ్రీజు ఎండిపోతే జారవలసినప్పుడు జారక, పట్టుకుని పట్టుకుని చివరికి ఒక్కసారి జారుతుంది. దీనికి గ్రీజు గన్నే మందు!

(3) గేరు న్యూట్రల్లో ఉంచి చదునైన చోట బండిని దొర్లించినా గతుకు పడ్డప్పుడల్లా మోగితే, అది బలం నడిచే దారి గోల కాదు. కమాన్ల బుష్షులో, షాక్ అబ్జార్బర్లో చూడాలి. ఈ పరీక్ష వాలులో మాత్రం చేయకూడదు.

(4) మలుపు తిరిగేటప్పుడే "టిక్ టిక్ టిక్" మంటే ముందు చక్రాల లోపలి జాయింట్ల మీదికి అనుమానం పోతుంది. ముందు చక్రాలు తిరుగుతూనే పక్కకు కూడా తిరగాలి గదా, ఆ కష్టమంతా ఆ జాయింట్లదే.

రెండో ప్రశ్న: ఎన్నిసార్లు?

కొన్ని చప్పుళ్ళు ఒకసారి వచ్చి ఆగవు, తాళం వేసినట్టు తిరిగి తిరిగి వస్తాయి. ఇక్కడే లెక్క పనికొస్తుంది. మన జీపు టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. బండి మనిషి నడకంత వేగంతో, అంటే గంటకు 4 కిలోమీటర్లు పోతోందనుకుందాం. గంటకు 4 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 1.1 మీటరు. చక్రం ఒక చుట్టు తిరగడానికి 2 సెకన్లు పడుతుంది. ఆ 2 సెకన్లలో షాఫ్టు దాదాపు 5 చుట్లు తిరుగుతుంది.

డ్రైవరు మెల్లగా నడుపుతుంటే మీరు బండికి కాస్త దూరంగా, రోడ్డు పక్కన నడుస్తూ గడియారం చూసి లెక్కపెట్టండి. 20 సెకన్లలో 10 సార్లు వినబడితే నేరం చక్రానిదో, దానితో పాటు తిరిగే భాగానిదో. 50 సార్లకు దగ్గరగా వినబడితే షాఫ్టుది. ఒక్క స్క్రూ విప్పకుండా సగం బండిని అనుమానం లోంచి తొలగించాం!

షాఫ్టు చప్పుళ్ళలో ముందుగా వచ్చేది చాలాసార్లు టక్ కూడా కాదు, పిచ్చుక అరిచినట్టు "కీచ్ కీచ్" మనే చప్పుడు. దాని సంగతి తెలియాలంటే యూనివర్సల్ జాయింటును దగ్గరగా చూడాలి.

కార్డానో, హుక్, ఒక చిన్న శిలువ

ఒకే గీతలో లేని రెండు కడ్డీలను కలిపి తిప్పడం ఎలా? రెండు కడ్డీల కొసలకూ రెండు పంగలు పెట్టి, వాటి మధ్య కూడిక గుర్తు ఆకారంలో ఒక ఉక్కు ముక్క పెడతారు. దీన్ని మెకానిక్కులు క్రాసు అంటారు. 16వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో పేరు మీద దీన్ని కార్డాన్ జాయింటు అనీ, 17వ శతాబ్దంలో ఇంగ్లండులో దీన్ని పరిశీలించిన రాబర్ట్ హుక్ పేరు మీద హుక్ జాయింటు అనీ పిలుస్తారు. స్ప్రింగు సాగుదలను గురించి మీరు పాఠంలో చదివే హుక్ నియమం ఈ హుక్‌దే.

క్రాసు నాలుగు కొసలకూ నాలుగు చిన్న గిన్నెలుంటాయి. వాటిలో సూదుల్లాంటి సన్నటి రోలర్లుంటాయి. ఇవి గుండ్రంగా పూర్తిగా తిరగవు, ఉన్నచోటనే కొద్దిగా ఇటూ అటూ ఊగుతాయి. గ్రీజు ఎండిందా, లోహానికి లోహం రాసుకుని కీచుమంటుంది. గిన్నె అంచున తుప్పురంగు పొడి కనిపిస్తుంది. ఆ తరవాత రోలర్లు ఒకేచోట నొక్కి నొక్కి గాట్లు పెడతాయి. ఆ గాట్లే సందు. ఆ సందే టక్. కీచుమన్నప్పుడే గ్రీజు పెట్టి ఉంటే టక్కుమనేది కాదు.

ఈ జాయింటుకు ఒక విచిత్ర గుణం ఉంది. వంకరగా ఉన్నప్పుడు ఒక కడ్డీని ఒకే వేగంతో తిప్పినా రెండోది ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెంచుకుని, రెండుసార్లు తగ్గించుకుంటుంది. వంపు 30 డిగ్రీలైతే వేగం 0.87 రెట్ల నుంచి 1.15 రెట్ల దాకా ఊగుతుంది. షాఫ్టు రెండో కొసన ఇంకో జాయింటును సరైన దిశలో పెడితే ఈ ఊగులాట రద్దయిపోతుంది. షాఫ్టును విప్పి, గాడి తప్పి ఎక్కిస్తే రద్దు కాదు, బండి వణుకుతుంది. అందుకే తెలిసిన మెకానిక్కు షాఫ్టు విప్పే ముందు రెండు ముక్కల మీదా సుద్దగీత గీస్తాడు.

మూడో ప్రశ్న: ఏది మారిస్తే మారుతుంది?

మన ప్రయోగశాల నియమమే ఇక్కడా వర్తిస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మట్టి రోడ్డు మీద రెండు చక్రాల బలంతో నడిపి వినండి. తరవాత అదే రోడ్డు, అదే వేగం, నాలుగు చక్రాల బలంతో నడిపి వినండి. మన జీపులో ముందు షాఫ్టు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది గాని, రెండు చక్రాల బలంతో పోయేటప్పుడు దానిమీద భారం పడదు. నాలుగు చక్రాల బలం కలిపినప్పుడే చప్పుడు వస్తే ముందు వైపు చూడాలి. రెండు విధాలా ఒకేలా ఉంటే ముందు వెనక వైపు చూడాలి.

ఇక ఇప్పుడు "ఎక్కడ?" అని అడగవచ్చు. ఈ పని మెకానిక్కు చేస్తాడు, మీరు పక్కన నిలబడి చూడండి. బండి కింద దూరకండి. చదునైన నేల మీద ఇంజను ఆపి, నాలుగు చక్రాలకూ రెండు వైపులా రాళ్ళు పెట్టి, గేరు న్యూట్రల్లో ఉంచి, చేతి బ్రేకు వదలాలి. వెనక షాఫ్టును చేత్తో పట్టుకుని ఇటూ అటూ తిప్పాలి. జాయింటుకు ఒక వైపు పంగ కదిలి, రెండో వైపు పంగ కదలకపోతే సందు క్రాసులోనే. రెండు పంగలూ కలిసి కదిలి, పినియన్ కూడా వాటితో పాటు కదిలితే సందు ఇరుసు లోపల.

సందు ఎంతో కొలవవచ్చు కూడా. షాఫ్టు మీద సుద్దగీత గీసి, అది ఎంత జరిగిందో చూడాలి. షాఫ్టు వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 157 మిల్లీమీటర్లు. గీత 4 మిల్లీమీటర్లు జరిగితే సుమారు 9 డిగ్రీలు తిరిగినట్టు. చక్రం దగ్గర అది 2 డిగ్రీలు కూడా కాదు. చూశారా, చక్రం దగ్గర కంటికి ఆనని సందు షాఫ్టు దగ్గర అయిదింతలై కనిపిస్తుంది.

లోపం లేని చప్పుడు

ఒక డ్రైవరు తారు రోడ్డు మీద నాలుగు చక్రాల బలం కలిపి గుండ్రంగా తిప్పాడనుకోండి. బండి బిగుసుకుపోయినట్టవుతుంది. తరవాత టైరు ఒక్క గెంతు గెంతి "ఢక్" మంటుంది. ఏ భాగమూ పాడు కాలేదు. మరి ఏమైంది? పైథాగరస్‌ను అడుగుదాం.

ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం సుమారు 2 మీటర్లు. వెనక ఇరుసు మధ్య బిందువు 5 మీటర్ల వ్యాసార్థంతో చుట్టు తిరిగితే, ముందు ఇరుసు మధ్య బిందువు తిరిగే వ్యాసార్థం 25, 4 కలిపిన మొత్తానికి వర్గమూలం, అంటే సుమారు 5.4 మీటర్లు. వెనకది ఒక చుట్టులో 31.4 మీటర్లు పోతే ముందుది సుమారు 33.8 మీటర్లు పోవాలి. తేడా దాదాపు 2.4 మీటర్లు. టైరు చుట్టుకొలతకన్నా ఎక్కువ! కాని ట్రాన్స్‌ఫర్ కేసు రెండు షాఫ్టులనూ ఒకే వేగంతో కట్టిపడేసింది. ఆ తేడా ఎక్కడికి పోవాలి? షాఫ్టులు, ఇరుసులు తడిబట్టను పిండినట్టు మెలిపడతాయి. మెలి భరించలేనంతైనప్పుడు ఏదో ఒక టైరు జారి దాన్ని విడిపిస్తుంది. మట్టిలో, ఇసుకలో అయితే టైర్లు కొంచెం కొంచెం జారుతూనే ఉంటాయి కనక మెలి పేరుకోదు. అందుకే ఇలాంటి జీపులో నాలుగు చక్రాల బలం బురదకూ ఇసుకకూ గాని, పొడి తారు రోడ్డుకు కాదు. ఈ ఇబ్బంది లేకుండా కొన్ని బండ్లలో ముందు వెనకల మధ్య కూడా ఒక డిఫరెన్షియల్ పెడతారు.

ఒక్క టక్కుకు ఇంత ఆలోచన ఎందుకు?

పాడేరు, అరకు లాంటి కొండదారులను ఊహించుకోండి. జీపు నిండా జనం. వెనక షాఫ్టు ముందు కొసన క్రాసు అరిగి అరిగి విరిగిందనుకుందాం. షాఫ్టు కొస రోడ్డు మీద పడి గుచ్చుకోవచ్చు. మరో సంగతి చాలామందికి తెలియదు. మన ఉదాహరణ జీపులో చేతి బ్రేకు చక్రాల దగ్గర లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మొదలయ్యే చోట ఉంది. అది షాఫ్టును పట్టుకుంటే, షాఫ్టు చక్రాలను పట్టుకుంటుంది. షాఫ్టు తెగితే? రెండు చక్రాల బలంతో పోతున్నప్పుడు చేతి బ్రేకు వేసినా లాభం లేదు, గేరులో పెట్టి ఆపినా బండి నిలవదు. కాలి బ్రేకు ఒక్కటే దిక్కు. ఏ రోజో వినబడిన కీచు, ఆ తరవాతి టక్ ఈ ప్రమాదం గురించే చెప్పాయి. వినేవాళ్ళు కావాలి.

మీరే చేసి చూడండి

సైకిలును స్టాండు వేసి, వెనక బ్రేకు గట్టిగా పట్టమని స్నేహితునితో చెప్పండి. వేళ్ళు గొలుసుకు దూరంగా ఉంచుకోండి. పెడలును కాస్త వెనక్కి తిప్పి, మెల్లగా ముందుకు తోయండి. అది పట్టుకునేదాకా ఎన్ని డిగ్రీలు ఊరికే తిరిగిందో కోణమానినితో కొలవండి. పదిసార్లు చేయండి, అన్నిసార్లూ ఒకే కోణం రాదు. ఎందుకో ఆలోచించండి. ఇప్పుడు పెడలును కాస్త వేగంగా తోసి చప్పుడులో తేడా వినండి.

ప్రశ్నలు

(1) మీ సైకిలు ముందు పళ్ళ చక్రానికీ వెనక పళ్ళ చక్రానికీ పళ్ళు లెక్కపెట్టండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది?

(2) సైకిలు "టిక్ టిక్" మంటోంది. అది పెడలుదో చక్రానిదో ఎలా తేలుస్తారు? తొక్కడం ఆపి, సైకిలు దానంతట అది పోతుంటే ఏం గమనించాలి?

(3) జీపు గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 10 సెకన్లలో ఒక చప్పుడు 10 సార్లు వినబడింది. నేరం చక్రానిదా, షాఫ్టుదా?